పొర

ఆటోనగర్ నాలుగో అడ్డరోడ్డు చివర,
లేతు మిషన్ల మోత సన్నగిల్లే చోట
ఒక రేకుల షెడ్డు.
ఒక పంపు, ఆరు తెల్లటి గొట్టాలు, నేను.
రాత్రి డ్యూటీ నాది.

ఏడింటికి ట్యాంకరొస్తుంది.
క్రోమ్ పూత దుకాణాల కడుగునీళ్ళు,
శుభకార్యానికి కలిపిన పసుపునీళ్ళలా.
కొత్తగా చేరిన కుర్రాడు ఆ మాటే పైకన్నాడు.
యేసోబు మామ వాణ్ణి దగ్గరికి పిలిచి
తల వెనక్కి వాల్చి, టార్చి వేయించి,
తన ముక్కులోకి చూడమన్నాడు.
నడిమి గోడకి చిల్లు.
ఇటు పెట్టిన పుల్ల అటు తేలుతుంది.
"ఇరవై రెండేళ్ళు బంపర్లకి మెరుపద్దాన్రా.
నేనెరిగిన పసుపు ఇదే."
కుర్రాడు చేతులు కడుక్కోడానికి పోయి
చాలాసేపు రాలేదు.

ముందు మందు కలిపితే పసుపు పచ్చనై ఆకురంగుకు తిరుగుతుంది.
సున్నం పోస్తే మబ్బు కట్టి అడుక్కి దిగుతుంది.
గుడ్డ సంచుల్లో బురద పిండుతాం.
ఇందాకా వంటింటి పనే.
పైన తేరినవి చూసి అమ్మయ్య అనుకుంటామే,
అక్కడే మోసపోతాం.
కరిగిపోయిన దానికి మొహం ఉండదు.
పలచబడ్డ నికెలు నీళ్ళలాగే కూచుంటుంది.
బస్సు బాడీలు తుడిచిన థిన్నరు, గ్రీజు కడిగిన నూనె
వాటి వాసనకి ముక్కు అలవాటు పడిపోతుంది.

అందుకని, పొర.
మొదట సేమియా పోగుల్లాంటి బోలు దారాలు,
జిడ్డుని గుమ్మం బయటే నిలబెట్టేవి.
తర్వాత చాపచుట్టలా చుట్టుకున్న పలుచని పొర.
పన్నెండు కేజీల ఒత్తిడి మీద
నీళ్ళతో ఒక్క మాటే చెబుతుంది:
నువ్వొక్కదానివే రా, వెంట ఎవర్నీ తేకు.

మన మాటల్లో పొరకి మంచిపేరు లేదు.
కళ్ళకి పొరలు కమ్మాయంటాం.
అన్నదమ్ముల మధ్య పొరపొచ్చాలంటాం.
మొన్న పెద్దాసుపత్రిలో మామకి శుక్లం తీశారు.
నల్లద్దాలతో తిరిగొచ్చి గొట్టం మీద చెయ్యేసి,
"నాకు పొర తీస్తే చూపొచ్చింది, రహమతమ్మా,
నీళ్ళకి పొరేస్తే చూపొచ్చింది" అన్నాడు.
ఏమనాలో తెలీక మీటరు చూశాను.
ముప్ఫై రెండు.

రోహిణి కార్తెలో ఒక రాత్రి
ఎవడో రంగు వలిచే మందు దొంగచాటుగా కలిపి పంపాడు.
ముల్లు పద్దెనిమిది దాటింది.
ధార దారమై, దారం చుక్కై, ఆగింది.
పొర ఊపిరాడక గొట్టంలో మూలిగింది,
లేదా పంపు మూలిగిందేమో.
నిమ్మ ఉప్పు కలిపి తిప్పాం, తర్వాత కాస్టిక్,
మళ్ళీ నిమ్మ ఉప్పు.
తెల్లవారుజామున మొదటి చుక్క రాలితే
ఇద్దరం మాట్లాడుకోలేదు.
కుర్రాడు మాత్రం పోయి మూడు టీలు తెచ్చాడు.

చూడ్డానికొచ్చిన వాళ్ళు అడగనిదొకటుంది.
ఈ పొర దేన్నీ చంపదు.
విడదీస్తుంది, అంతే.
వంద బిందెలు పోస్తే డెబ్బై తేటగా అటు వెళ్తాయి,
ముప్ఫై బిందెల విషం ఇటు మిగుల్తుంది,
మునుపటికన్నా చిక్కగా.
దాన్ని మరగేసి, ఉప్పుగా గీకి, డ్రమ్ములో పోసి
తేదీ రాసి మూత బిగిస్తాను.
లారీ వాడు సంతకం పెట్టి తీసుకుపోతాడు.
ఎక్కడికో నాకు కాగితం మీద తెలుసు.
ఆ ఊరి వాళ్ళకి ఏ మీటరుందో తెలీదు.

డెబ్బై బిందెలు మాత్రం
పొద్దున్నే అదే దుకాణాలకి తిరిగెళ్తాయి,
మళ్ళీ బంపర్లు కడగడానికి, మళ్ళీ పసుపెక్కడానికి.
రైవస్ కాలువలో ఒక్క చుక్కయినా కలవకుండా.
మా చేతిలో ఉన్నది అంతవరకే.

డ్యూటీ దిగే ముందు మామ స్టీలు గ్లాసు పడతాడు.
తాగడు. తాగేవి కావు.
నా ముక్కు దగ్గర పెట్టి రోజూ అడుగుతాడు:
"వాసనెలా ఉందమ్మాయ్?"
"ఏమీ లేదు మామా."
తనూ ఓసారి గట్టిగా పీల్చి,
"నాకూ అంతే" అంటాడు.